నేల విడిచి సాము

జూన్ 2, సాయంత్రం 6:15

వచ్చి పడ్డాను. రూము నంబరు 9. రెండు ఇనప మంచాలు, ఒక ఫ్యాను, కర్టెన్ లేని కిటికీ. కిటికీలోంచి పూల్ కనిపిస్తుంది. క్లోరిన్ వాసన దుప్పట్లోకి కూడా ఎక్కేసింది. నాకది ఇష్టమే.

ఇరవై ఆరుమందిమి వచ్చాం. చివరికి పదమూడు మందినే తీసుకుంటారు. ఆ పదమూడు మందికీ కాలేజీ వాటర్ పోలో టీమ్‌లో చోటు, మిగతా సగం ఇంటికి. లెక్క తేలిగ్గానే ఉంది.

క్యాంపు నడిపేది ఇద్దరు కాలేజీ కోచ్‌లు. పెద్ద మేడం టీమ్ వరసగా నాలుగేళ్ళు కప్పు కొట్టింది. ఆవిడ నడిచొస్తుంటే పూల్ నీళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నట్టు అనిపిస్తుంది. రెండో ఆయన విజిల్ సార్, ఒకప్పుడు గోల్‌కీపరు. మనుషులతో మాట్లాడటం కన్నా ఆయనకి విజిల్‌తో మాట్లాడటం అలవాటు. పొడుగ్గా ఒకటి ఊదితే ఆగమని. చిన్నవి రెండు ఊదితే నీకు బుద్ధుందా అని.

మేడం మొదటి గంటలోనే రూలు చెప్పేశారు. వాటర్ పోలోలో కాలు నేలకి తగలకూడదు, ఆటంతా నీళ్ళు తొక్కుతూనే ఉండాలి. ఈ పూల్‌లో ఒక వైపు లోతు తక్కువ, కాలు సాచితే అడుగు అందుతుంది. అడుగున ఏం జరుగుతుందో పైనుంచి కనబడదు. కాబట్టి ఎవరి కాలు తగిలితే వాళ్ళే చెయ్యెత్తి 'నేల' అనాలి. అంటే బంతి అవతలి టీమ్‌కి పోతుంది, బోర్డు మీద పేరు పక్కన ఒక టిక్కు పడుతుంది, అంతటితో సరి. దాచినట్టు రుజువైతే మాత్రం ఆ రోజే ఇంటికి.

తర్వాత ఒక కథ చెప్పారు. ఐదేళ్ళ కిందట ఇదే క్యాంపులో ఒకమ్మాయి ఆఖరి నిమిషంలో గెలుపు గోల్ వేసిందట. ఎవరూ ఏమీ చూడలేదు. తనంతట తనే చెయ్యెత్తి 'నేల' అందట. గోల్ పోయింది, మ్యాచ్ పోయింది. ఆ పిల్లని మేడం అక్కడికక్కడే టీమ్‌లోకి తీసుకున్నారు. ఈ రూలు అప్పట్నుంచే. చెబుతుంటే మేడం గొంతు మెత్తబడింది.

ఆ పిల్ల మా అక్క.

ఎవరికీ చెప్పలేదు. ఫారంలో ఇంటిపేరు చూస్తే తెలిసిపోయేది, చూసినట్టు లేరు. మా ముందు గదిలో అక్క ఫోటో ఉంది, దాని మీద మేడం సొంత చేతిరాతతో 'నిజాయితీకి' అని. ఇంటికి ఎవరొచ్చినా, చివరికి గ్యాసు సిలిండరు తెచ్చినాయనకి కూడా, నాన్న ఆ ఫోటో చూపించి గానీ వదలడు. నేను ఆ ఫోటో పేరు చెప్పుకుని లోపలికి రాను.

జూన్ 3, రాత్రి 8

ఒళ్ళు హూనం. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు.

ఇక్కడ నా పేరు బుడ్డి. నాలుగడుగుల పదకొండంగుళాలు మరి. అందరికన్నా పొడుగు పిల్ల పేరు నిచ్చెన. నా రూమ్మేట్ రేడియో, ఎందుకో చెప్పక్కర్లేదు. నిద్రలో కూడా వార్తలు చదువుతుంది.

ఎగ్ బీటర్‌లో మాత్రం నన్ను ఎవరూ కొట్టలేకపోయారు. కూర్చున్నట్టు ఉండి రెండు కాళ్ళూ చెరో వైపు గుండ్రంగా తిప్పుతూ నీళ్ళల్లో నిలబడటం. మా అమ్మ దాన్ని కవ్వం అంటుంది. పదేళ్ళప్పట్నుంచి అక్క నా రెండు చేతుల్లో ఇటుక పెట్టి మా ఊరి పూల్‌లో తొక్కించేది. ఇటుక తడిస్తే దెబ్బ. మేము అలా ప్రాక్టీసు చేస్తుంటే నాన్న గట్టు మీద కూర్చుని, నేల విడిచి సాము చేయకూడదంటారు, మీది ఆటే అదీ అని నవ్వేవాడు.

ఇవాళ పద్దెనిమిది నిమిషాలు తొక్కాను. విజిల్ సార్ ఏమీ ఊదలేదు. అది మెచ్చుకోలట, రేడియో చెప్పింది.

జూన్ 4

బంతిని రెండు చేతులతో పట్టుకున్నాను. మళ్ళీ. ఒక్క చేత్తోనే పట్టాలని నా ఎడం చేతికి ఎవరు చెబుతారు.

జూన్ 5, మధ్యాహ్నం 1:40

ఒక విషయం కనిపెట్టాను. ఈ 'నేల' ఒక మందు బిళ్ళ అయిపోయింది. రోజుకొకటి వేసుకుంటే ఆరోగ్యానికి మంచిది.

ఎవరైనా చెయ్యెత్తి 'నేల' అంటే మేడం మొహం వెలుగుతుంది. పేరు పక్కన టిక్కు తనే పెడుతుంది. ఇది చూసి అందరూ చేతులెత్తుతున్నారు. రేడియో ఇవాళ పొద్దున లోతు ఎక్కువ వైపు ఆడుతూ 'నేల' అంది. అక్కడ నిచ్చెన మీద ఇంకో నిచ్చెన నిలబడ్డా అడుగు అందదు. మేడం అటు తిరిగి ఉంది కాబట్టి సరిపోయింది. నిజాయితీ కనబడాలంటే కనీసం రెండు టిక్కులుండాలని రేడియో థియరీ. నిచ్చెనకి ఆరున్నాయి.

నా వరస ఖాళీ. తగల్లేదు కాబట్టి ఖాళీ. లోతు తక్కువ వైపు నేను నిలబడితే నీళ్ళు నుదుటి దాకా వస్తాయి, అక్కడ కాలు ఆనించి నాకు ఒరిగేదేమీ లేదు. ఇవాళ మేడం బోర్డు ముందు ఆగి నా వరస కొంచెం ఎక్కువసేపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. చూడనీ.

జూన్ 6, మధ్యాహ్నం 2:30

రాస్తున్నది ఏడుపుతో కాదు, కోపంతో.

నిన్ననే రాస్తూ రాస్తూ మేడంని 'పెడుతుంది', 'చూసింది' అనేశాను. తప్పు చేశానేమో, దిద్దుదామా అనుకున్నాను. దిద్దను. ఇకనుంచి ఇందులో 'అన్నారు' లేదు. 'అంది' అంతే.

జంప్ టెస్ట్ పెట్టారు. గోడకి ఒక చెక్క తగిలించారు, దాని మీద మూడు టేపులు: కింద పసుపు, పైన ఆకుపచ్చ, అన్నిటికన్నా పైన ఎరుపు. నీళ్ళు తొక్కుతూ తొక్కుతూ ఒక్కసారి పైకి లేచి చెక్కని చేత్తో కొట్టాలి. చెక్క తగిలించే కొక్కేలు లోతు తక్కువ వైపే ఉన్నాయి కాబట్టి అక్కడే. పసుపు అందరికీ అందింది. ఆకుపచ్చ తొమ్మిదిమందికి. ఎరుపు నిచ్చెనకి ఒక్కదానికే.

నా వంతు వచ్చింది. దిగాను, తొక్కాను, లేచాను. తొడల దాకా నీళ్ళల్లోంచి బయటికొచ్చాను. చెయ్యి ఎర్ర టేపు మీద పడింది. చప్పుడు అందరికీ వినబడింది.

విజిల్ సార్ నోట్లోంచి విజిల్ జారింది. మేడం మాత్రం పెన్ను కదపలేదు. నన్ను చూసి ఒక్క మాట అడిగింది: "నేలా?"

కాదన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ కాదన్నాను. ఇంత పొట్టి మనిషికి ఎర్ర టేపు ఉత్త నీళ్ళ మీంచి అందదంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నానంది. తర్వాత బోర్డు వైపు చూపించింది. ఇరవై ఐదు మందికి టిక్కులున్నాయి, నాకొక్కదానికే లేదు. తగలని కాలు ఉండదు, చెప్పని నోరు ఉంటుంది అంది.

చెక్క తీసి లోతు వైపు పెట్టించండి, మళ్ళీ ఎగురుతాను అన్నాను. పది సార్లు ఎగరమన్నా ఎగురుతాను అన్నాను. బతిమాలాను కూడా, అది తల్చుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఒప్పుకోలేదు. ఇంకోసారి ఎగిరితే అది ఇంకో ఎగురుడు అవుతుంది, దానివల్ల ఇందాకటి నిజం మారదు అంది. అందులో లాజిక్ ఉంది. అదే ఎక్కువ మండింది.

తీర్పు ఏమిటంటే, రుజువు లేదు కాబట్టి ఇంటికి పంపరు. పన్నెండో తారీకు సాయంత్రం ఇళ్ళవాళ్ళ ముందు మాలో మాకే మ్యాచ్ ఉంది. అది అయ్యేలోపు చెయ్యెత్తి 'నేల' అంటే ఒక టిక్కు, ఎగురుడు కొట్టేస్తారు, మిగతా ఆట చూసి లిస్టులో వేస్తారు. అనకపోతే లిస్టులో పేరుండదు.

ఒక్క మాట. రెండక్షరాలు. అదీ అబద్ధం. అనను.

జూన్ 7, సాయంత్రం 5

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ చెయ్యెత్తితే పూర్తి అంగీకారం. అందుకని ఎత్తడం మానేశాను.

నవ్వులాటగా మొదలైంది. పొద్దున హాజరు పిలిచినప్పుడు అలవాటుగా చెయ్యెత్తబోతే నిచ్చెన వెనక నుంచి, మేడం మేడం బుడ్డి ఒప్పుకుంటోంది అంది. అందరూ నవ్వారు. చెయ్యి దించేశాను. నోటితో ఉన్నానన్నాను. బాత్రూంకి వెళ్ళాలన్నా చెయ్యెత్తలేదు, లేచి వెళ్ళిపోయాను. నీళ్ళల్లో బంతి కావాలంటే అందరూ చెయ్యి ఊపుతారు, నేను అరుస్తాను. గొంతు బొంగురు పోయింది. రేపటికి కప్పలా ఉంటుంది.

చేతులెత్తి నీళ్ళు తొక్కే డ్రిల్ వచ్చింది. అందరూ గాల్లోకి చేతులు. నేను గట్టు మీదున్న ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా తీసుకుని నెత్తి మీద పట్టుకుని తొక్కాను. మేడం ఇదేమిటంది. చేతులు ఎత్తలేదు మేడం, డబ్బా ఎత్తాను అన్నాను. విజిల్ సార్ అటు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

పన్నెండు నిమిషాలు. భుజాలు పడిపోయాయి. దించలేదు.

మేడం ఇంకో రెండుసార్లు అడిగింది. మొత్తం నాలుగు.

జూన్ 8, సాయంత్రం 7:35

ఫోన్లు ఏడింటికి ఇచ్చి ఏడున్నరకి లాక్కుంటారు. ఈ అరగంట గురించి రాయాలి. ఎలా రాయాలో తెలియట్లేదు.

అక్కకి అంతా చెప్పాను. అక్క పక్కనుంటే ఎవరితోనైనా పోట్లాడొచ్చు, చిన్నప్పట్నుంచీ అంతే. వచ్చి మేడంతో మాట్లాడుతుందనుకున్నాను. అక్క మెల్లిగా, నీకేం పోయిందే, అనేసెయ్ అంది. ఒక్క మాటకి నాలుగేళ్ళ ఆట వదులుకుంటావా అంది. తను టీమ్‌లో ఆడిన ఆట, చదివిన చదువు, ఇప్పుడు పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం, అన్నీ ఏకరువు పెట్టింది. ఆ ఉద్యోగం కూడా మేడం ఉత్తరం మీద వచ్చిందే.

నాకు తిక్క రేగింది. నీకేం, నువ్వు నిజంగా తాకావు కాబట్టి నిజం చెప్పావు, నన్ను అబద్ధం చెప్పమంటావేంటి అన్నాను.

ఫోను కట్ అయిందేమో అని హలో హలో అన్నాను.

"తాకలేదే," అంది అక్క. "నేనూ తాకలేదు."

గోల్ వేసి తిరిగేసరికి మేడం తన వైపే చూస్తోందట. అనుమానంగా చూస్తోందనిపించిందట. పదిహేడేళ్ళ పిల్ల. భయమేసి చెయ్యెత్తేసిందట. అందరూ చప్పట్లు కొట్టేసరికి ఇక వెనక్కి తీసుకోలేకపోయిందట. మేడం కౌగిలించుకుందట. నాన్న ఏడ్చాడట. ఆ నాన్న ఏడుపు నాకూ గుర్తుంది, నేను కూడా చప్పట్లు కొట్టాను.

ఎవరికీ చెప్పకే, ముఖ్యంగా నాన్నకి అంది. ఫోను రేడియో చేతిలో పెట్టి వచ్చేశాను.

అంటే ఈ రూలు, ఈ బోర్డు, ఈ టిక్కులు, ఇరవై ఐదు మంది వేసుకునే ఈ మందు బిళ్ళలు, అన్నిటి కిందా ఉన్నది మా అక్క భయం. ఏడేళ్ళు నా చేతుల్లో ఇటుకలు పెట్టి తడిస్తే కొట్టిన అక్క. నాకు అక్క మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. జాలి కూడా వస్తోంది, అది ఇంకా విసుగ్గా ఉంది.

జూన్ 9

అక్క ఐదుసార్లు చేసింది. ఎత్తలేదు.

జూన్ 10, ఉదయం 6:20

తెల్లారకముందే మెలకువ వచ్చింది. ఒక పాడు ఆలోచన వచ్చి మనసులో తిష్ట వేసింది. ఒకవేళ నిజంగానే తగిలిందేమో. అంత ఊపులో నాకే తెలియలేదేమో. ఇంతమంది అంటున్నారు, మేడం ఇరవై ఏళ్ళ అనుభవం అంటోంది. నలుగురూ కలిసి మేకని కుక్క అంటే మేక కూడా ఒకసారి మొరిగి చూసుకుంటుంది.

అందుకని పూల్‌కి వెళ్ళాను. ఎవరూ లేరు. టెస్ట్ పెట్టిన చోటే దిగి, ఊపిరి వదిలి, కిందికి పోయి కావాలని రెండు కాళ్ళూ ఆనించాను. పలకలు నున్నగా, జారుడుగా ఉన్నాయి. వాటి సందుల్లో గరుకు. ఆనించి తన్ని లేచాను. మళ్ళీ చేశాను. నాలుగుసార్లు. తర్వాత ఆనించకుండా లేచాను.

పోలికే లేదు. నేలని తన్నితే దెబ్బ మడమ నుంచి మోకాలి దాకా వస్తుంది. నీళ్ళని తొక్కితే బలం తొడల్లోంచి వస్తుంది, పాదాల కింద ఏమీ ఉండదు. ఆ రోజు నా పాదాల కింద ఏమీ లేదు. ఇప్పుడు నాకు తెలుసు. హాయిగా ఉంది.

గట్టెక్కేసరికి విజిల్ సార్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. ఇంత కాలంలో ఆయన అన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి. ఇప్పుడు నీ కాళ్ళు నేలకి తగిలాయి కదా అన్నాడు. నేను చూశాను అన్నాడు. ఇవాళ ప్రాక్టీసులో చెయ్యెత్తి 'నేల' అనెయ్, ఏ రోజుదో చెప్పక్కర్లేదు, అబద్ధమూ కాదు, మేడం పంతమూ నెగ్గుతుంది, నువ్వు లిస్టులో ఉంటావు అన్నాడు. నువ్వు ఇంటికెళ్తే ఈ క్యాంపుకే నష్టం అని కూడా అన్నాడు. మంచివాడు. నిజంగా మంచివాడు.

ఇవాళ తాకినదానికి మొన్నటి చెయ్యి ఎత్తలేను సార్ అన్నాను.

చిన్నవి రెండు ఊదాడు.

జూన్ 11, సాయంత్రం 4:50

ఇవాళ మేడం గది దాకా వెళ్ళాను, నోట్లో అక్క విషయం పెట్టుకుని.

భోజనాల దగ్గర రేడియో లెక్క వేసి చెప్పింది. బుడ్డి లేకపోతే పదమూడో చోటు తనకేనట. పాపం ఏడుస్తూ చెప్పింది. నా చోటు తీసుకోవడం ఇష్టం లేదట, వదులుకోవడం కూడా ఇష్టం లేదట. అప్పుడు నాకు తెగింపు వచ్చింది. రేపే ఆఖరు. ఒక్క వాక్యం చెబితే మేడం రూలు కుప్పకూలుతుంది. మీ కథలో పిల్ల తాకలేదు, మీరు చూసిన చూపుకి భయపడింది. అంతే. వెళ్ళి తలుపు కొట్టాను.

మేడం కుర్చీలో కూర్చుని కుడి భుజానికి ఐసు ప్యాకు కట్టుకుంటోంది. ఒక్క చేత్తో, పట్టీ పళ్ళతో లాగుతూ. కుదరట్లేదు. ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదట, ఆడిన రోజుల్లో పోయిందట. ఇన్ని రోజులూ మాకు షాట్లు ఎడం చేత్తో ఎందుకు చూపిస్తోందో ఇప్పుడు అర్థమైంది. నేను వెళ్ళి పట్టీ కట్టాను. గట్టిగా లాగితే కళ్ళు మూసుకుంది.

ఎందుకొచ్చావు, చెప్పడానికేనా అంది. ఆశగా అంది. నన్ను వదులుకోవడం ఆవిడకీ ఇష్టం లేదని ఆ గొంతులో తెలిసింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నా కుందేలూ అంతే.

అక్క విషయం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అది నా నిజం కాదు. అక్కని పట్టుకెళ్ళి అక్కడ పడేసి నేను పైకి లేస్తే, అది మాత్రం నేలని తన్ని లేవడమే.

తాకలేదు మేడం అన్నాను. పదోసారి. వచ్చేశాను.

సాయంత్రం ఏడింటికి అక్క ఫోను ఎత్తాను. నీ మీద కోపం పోలేదు, కానీ ఎవరికీ చెప్పలేదు, రేపు నా పేరు ఉండదు, నాన్నని నువ్వే సముదాయించాలి అన్నాను. అక్క సరే అంది.

(పైన 4:50 అని రాశాను, ఇది ఏడున్నరకి కలిపాను.)

జూన్ 12, రాత్రి 8:10

గ్యాలరీ నిండా ఇళ్ళవాళ్ళు. అమ్మ, నాన్న, అక్క మూడో వరసలో. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, దాని మీద చెమట.

మ్యాచ్‌లో నన్ను చివరి ఆరు నిమిషాలు దింపారు. రెండు గోల్స్ వేశాను. చెయ్యి ఎత్తకుండా షాట్ ఎలా కొడతావే అని నిన్న నిచ్చెన వెక్కిరించింది. బంతితో ఎత్తితే అది చెయ్యి కాదు, షాటు. రెండోది నిచ్చెన చంక కిందినుంచే పోయింది. ఇది రాయకుండా ఉండలేకపోయాను.

మ్యాచ్ అయ్యాక అందరినీ గట్టు మీద వరసగా నిలబెట్టారు. మేడం మైకు తీసుకుని ఇళ్ళవాళ్ళకి రూలు చెప్పింది, బోర్డు చూపించింది. తర్వాత కథ మొదలుపెట్టింది. ఐదేళ్ళ కిందట ఒకమ్మాయి అంటూ గ్యాలరీ వైపు చూసి, ఆగిపోయింది. అక్కని గుర్తుపట్టింది. మొహం విప్పారింది. ఆ అమ్మాయి ఇక్కడే ఉంది అంది. కిందికి పిలిచింది. అందరూ లేచి చప్పట్లు. నాన్న అందరికన్నా గట్టిగా.

అక్క మెట్లు దిగి వచ్చింది. వచ్చి మేడం పక్కన నిలబడలేదు, వరసలో నా పక్కన నిలబడింది. మేడం నన్ను చూసింది, అక్కని చూసింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. మైకు అక్క చేతికిచ్చి, ఆ రోజు గురించి నువ్వే చెప్పు, నీ చెల్లెలు కూడా వినాలి అంది.

మైకులో ఊపిరి వినబడుతోంది.

"ఆ రోజు నా కాలు నేలకి తగల్లేదు మేడం," అంది.

చప్పట్లు కొట్టబోయిన చేతులు కొన్ని సగంలో ఆగాయి. మేడం అర్థం కానట్టు చూసింది. మరి చెయ్యి ఎందుకెత్తావు అంది. మైకు లేకుండా అంది, కానీ అందరికీ వినబడింది.

"మీరు నా వైపు చూశారు."

అంతే చెప్పింది. నా గురించి ఏమీ అడగలేదు. మైకు తిరిగి ఇచ్చేసి నా పక్కనే నిలబడింది. పైన నాన్న మెల్లిగా కూర్చున్నాడు. అమ్మ నాన్న మోకాలి మీద చెయ్యి వేసింది.

మేడం మైకు కింద పెట్టింది. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్ళి టిక్కుల మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది, ఒక్కొక్క వరసా. మా వైపు తిరిగి, వీటిలో నిజంగా తగిలినవి ఎన్ని అని అడిగింది. ఒక్క చెయ్యి లేవలేదు. రేడియో నేల చూపులు చూస్తోంది. నిచ్చెన మెడ దాకా ఎర్రబడింది. నాకు గెలిచినట్టు అనిపించాలి. మేడం భుజం వాలిపోయి ఉంటే అనిపించలేదు.

అప్పుడు నా దగ్గరికి వచ్చింది. చెక్క లోతు వైపు పెట్టిస్తాను, మళ్ళీ ఎగురుతావా అని అడిగింది. ఆరు రోజుల కిందట దీని కోసమే నేను బతిమాలింది. విజిల్ సార్ అప్పటికే కొక్కేల దగ్గరికి నడుస్తున్నాడు. గ్యాలరీలో అందరూ ముందుకి వంగారు.

"ఎగరను," అన్నాను. "మొన్న ఎగిరిందే రాయండి."

ఎవరో పిల్ల తల్లి అనుకుంటా, ఎంత పొగరే అంది. అవును. అక్క నా మణికట్టు పట్టుకుంది, వదిలేయమనో, వదలొద్దనో తెలియలేదు. మేడం నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఎలాంటిదో నాకు ఇప్పుడు తెలుసు. మా అక్కని పడేసిన చూపు. నేనూ తిరిగి చూశాను. కళ్ళల్లో క్లోరిన్ మంట, అయినా రెప్ప వేయలేదు.

మేడం పెన్ను తీసింది. కుడి చెయ్యి లేవదు కదా, ఎడం చేత్తో, వంకర టింకరగా, నా వరసలో రాసింది. ఎరుపు.

బయట బస్సు దగ్గర నాన్న అక్కకి దూరంగా నిలబడ్డాడు. అక్క ఏడుస్తూనే ఉంది. చివరికి అమ్మే, ఆ ఫోటోలో నువ్వు నవ్వుతున్నావు చూడు, ఆ నవ్వు ఎప్పుడూ నాకు నచ్చలేదే అంది. నాన్న బస్సెక్కేముందు అక్క బ్యాగు తను పట్టుకున్నాడు. లిస్టు రేపు.

జూన్ 13, ఉదయం 10:05

లిస్టు అంటించారు. నాది తొమ్మిదో పేరు. రేడియో లెక్క తప్పింది, నేనున్నా పదమూడు తనదే. నిచ్చెనది రెండు.

గేటు దగ్గర మేడం ఒక్కరే వచ్చారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు, నిజంగా తాకలేదా అని.

పదిసార్లు చెప్పిందే కదా, బ్యాగు భుజానికెత్తుకుని గేటు దాటాను. ఇంకా నాలుగేళ్ళు అడుగుతారు. అడగనీ.